బల్ల ఖాళీ చెయ్యి

వరద నీళ్ళు మా ఇంటి కిటికీ అంచుదాకా వచ్చిన ఏడు అది. నీళ్ళు తీశాక రెండు బల్లల్లో ఒకటే మిగిలింది. తిండి దానిమీదే, ఇస్త్రీ దానిమీదే, మా కోడలి చదరంగమూ దానిమీదే.

కోడలు బట్టల దుకాణంలో బిల్లులు రాస్తుంది. సాయంత్రం వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, అది ఉడికేలోగా లైబ్రరీ పుస్తకం తెరిచి బోర్డు పరుస్తుంది. తెల్లవైపూ తనే, నల్లవైపూ తనే. ఆట మొదలుపెట్టే తీరుల్ని ఓపెనింగులంటారట. ఏ బంటు ముందు, ఏ గుర్రం తర్వాత, అన్నీ కంఠతా వచ్చు. గుర్రాలు బయటికొచ్చి, రాజు మూలకి చేరి, అసలు పోరు మొదలయ్యేసరికి మావాడు వస్తాడు. "బల్ల ఖాళీ చెయ్యి" అంటాడు. కోపంగా కాదు, ఫ్యాన్ వెయ్యమన్నట్టు. ఆమె పావులన్నీ ఒడిలోకి ఊడ్చుకుంటుంది.

"రోజూ మొదలెట్టడమేనా, ఎప్పుడైనా గెలిచేదుందా?" అని నవ్వుతాడు.

"ఆ ఓపిక గిన్నెల మీద చూపిస్తే అద్దాల్లా ఉండును" అంటుంది మా ఆవిడ.

నాకు మాటలు తక్కువ.

ఒక ఆదివారం కోడలు ఊళ్ళో చదరంగం క్లబ్బుకి వెళ్ళింది. నెగ్గితే జట్టులో చోటు. ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన. సగం ఆటదాకా చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడట. తర్వాత ఈమె చెయ్యి ఆగిపోయింది. ఓడిపోయింది. "ఏమ్మా, పులిలా వచ్చావు, మధ్యలో ఎవరో పిలిచినట్టు ఆట వదిలేశావేంటి? పోనీ, వచ్చే ఆదివారం ఇంకోసారి రా. అదే ఆఖరు" అన్నాడట.

ఆ మాట నాకొక్కడికే చెప్పింది. నేనెవరికీ చెప్పనని కాబోలు.

"నిజమే మామయ్యా. పావు పట్టుకుని కూర్చున్నానా, చెవి మాత్రం తలుపు దగ్గరే ఉంది. అక్కడ నన్ను పిలిచేవాళ్ళెవరూ లేరు, అయినా పిలుపు కోసమే చూస్తున్నా. పెళ్ళయ్యాక ఒక్క ఆలోచనైనా చివరిదాకా వెళ్ళి చూసిన గుర్తు లేదు. పావులు పోయాక బోర్డు ఎంత ఖాళీగా ఉంటుందో అక్కడే మొదటిసారి చూశాను. భయమేసింది. ఇంట్లో మీ అందరి మధ్యా కూర్చున్నప్పుడు కూడా నాకు అలాగే ఉంటుంది. ఎవరికి చెప్పుకోను?"

జవాబు కోసం ఆగకుండా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ బోర్డు పరిచింది. మావాడు వచ్చాడు.

"బల్ల ఖాళీ చెయ్యి."

"ఆట అవలేదు."

"ఎవరితో ఆట?"

"నాతో."

"ఆ మనిషి ఎక్కడికీ పోదుగా, తిన్నాక ఆడుకో."

ఆమె తలెత్తలేదు. "కూర పొయ్యి మీదుంది. కంచాలు గూట్లో ఉన్నాయి. ఇవాళ తియ్యను. రేపూ తియ్యను" అంది. గొంతు పెంచలేదు.

మా ఆవిడ నావైపు చూసింది, ఏమైనా అంటానేమోనని. మావాడు గూట్లోంచి కంచం తీసి, వడ్డించుకుని, మంచం మీద కూర్చుని తిన్నాడు. ఆమె తర్వాతి ఎత్తు వేసింది.

పొద్దున్నే లేచేసరికి బోర్డు అక్కడే ఉంది. మిగిలినవి రెండు రాజులు, కాసిని బంటులు. నేను టీ కాచుకుని, గ్లాసు బల్ల మీద పెట్టబోయి, ఆగి, పట్టుకెళ్ళి గడప మీద కూర్చుని తాగాను.