బాణలిలో వాన

పొద్దున్నే ప్రార్థన ముగించి విశ్వాసమ్మ తాలింపుకు బాణలి పెట్టేది. అత్తగారి నాటి ఇనుప బాణలి. ఏ నేల నూనె పోస్తే ఆ నేల వాతావరణం దాంట్లోంచి లేచేది. చలిదేశాల పొద్దుతిరుగుడు నూనెకు సన్నగా మంచు రాలేది. పామాయిల్‌కు వాన. బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె, పోస్తే మాత్రం మన కోడుమూరు ఎండే, ఎర్రమట్టి వాసనతో. పామాయిల్ రోజుల్లో పక్కింటి సుబ్బరత్నమ్మ పొయ్యి పక్కన బిందె పెట్టిపోయేది.

ఓడల్లో నూనె రావడం మొదలయ్యాక అంగట్లో రంగురంగుల ప్యాకెట్లు పెరిగాయి, విశ్వాసమ్మ భర్త ఏసన్న గానుగ ఆగిపోయింది. దానికి ఆమె ఎవర్నీ తిట్టలేదు. కూలి జనం చవకైంది కొనక ఏం చేస్తారు? కానీ ఏసన్న కాలం చేశాక, మైదుకూరు నుంచి వచ్చిన వ్యాపారి వీరభద్ర పామాయిల్ ప్యాకెట్ల మీద ఏసన్న ఫొటో వేసి, 'ఏసన్న గానుగ బుడ్డల నూనె' అని అమ్మసాగాడు.

"పగ ప్రభువుకు వదిలెయ్యమ్మా" అన్నారు పాస్టరుగారు.

"వదిలేసినానయ్యా. ఆయనకాడ బాణలి లేదు కదా, నాది ఇస్తాండా."

చర్చి కోతపండగకు వీరభద్ర అదే నూనె డబ్బాల్లో కానుకిచ్చాడు. పండగకు వడలు కాల్చేది ఎప్పుడూ విశ్వాసమ్మే. బాణలి సంగతి ఊరందరికీ తెలిసిందే గనక బయటూరి వీరభద్రకు ఎవరూ వేరే చెప్పలేదు. ఆయన మైకు పట్టుకుని "అచ్చంగా మన నేల నూనె" అంటుండగా ఆమె డబ్బా వంచింది. నూనె కాగింది, తొలి వాయి వడలు దిగాయి. షామియానా కింద కుండపోత.

"ఏమప్పా, మన నేలలో ఇంత వాన యాడుండాది?" తడిసిన వడ కొరుకుతూ అడిగాడు తిమ్మన్న. జనం గొల్లుమన్నారు.

వాన అక్కడ ఆగలేదు. మిగతా నూనె యాడుందో వెతుక్కుంటూ వీరభద్ర గోదాముకు పోయి, అక్కడే నిలిచింది. బెల్లం కరిగింది, ఉప్పు కరిగింది. ప్యాకెట్ల మీద ఏసన్న ముఖం ఒక్కటే చెరగలేదు. చివరికి వీరభద్ర నీళ్లు కారుతూ విశ్వాసమ్మ గడపలో నిలబడ్డాడు.

"తప్పయిపోయింది. ఆపమ్మా."

"ఈ నేల బుడ్డల నూనె కాగితే ఎండొస్తాది, వానాగుతాది. బస్తా తెచ్చి గానుగాడుకో."

"ఎద్దేదమ్మా?"

"ఎద్దు శానా కాలం కిందనే చచ్చిపాయ. కాడి ఉండాది."

వీరభద్ర బుడ్డల బస్తా తెచ్చాడు. కాడి మెడమీదికి ఎత్తుకున్నాడు. గానుగ కిర్రుమంది.

విశ్వాసమ్మ లోపలికి వచ్చింది. గూట్లో ఏసన్న ఆడిన చివరి సీసా ఉంది, అడుగున గరిటెడు నూనెతో. వాన ఆగడానికి ఆ గరిటెడు చాలు. కొంగుతో సీసా దుమ్ము తుడిచింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని, దాన్ని మళ్లీ గూట్లోనే పెట్టింది.