అంజూరానికి కట్టిన పురి

అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో మా ఇంటి వెనక ఒక అంజూరపు చెట్టు ఉండేది. ఇల్లు అమ్మినవాళ్ళు నాటింది. చలికాలానికి దాన్ని కప్పాలని వాళ్ళు చెప్పి వెళ్ళారట. నాన్న మొదటి ఏడాది ప్లాస్టిక్ పట్టా చుట్టి ఊరుకున్నారు. లోపల చెమ్మ చేరి కొమ్మలన్నీ కుళ్ళిపోయాయి. మళ్ళీ వేరు నుంచి చిగిర్చింది. ఊళ్ళో తాతయ్య దగ్గరే ఉండి పదో తరగతి పరీక్షలు రాసి ఎనభై మూడు జూన్‌లో నేను అక్కడికి వెళ్ళేసరికి నా భుజాల దాకా ఉంది.

ఆ దేశంలో నన్ను మాట్లాడమని అడగనిది ఆ చెట్టొక్కటే. బడి నుంచి రాగానే దాని పక్కన కూర్చునేదాన్ని. అక్టోబరులో రాలిన ఆకులు పోగుచేస్తూ నాన్న, ఈ చలికి కూడా చస్తే మొదలంటా నరికించి అక్కడ షెడ్డు వేయిస్తానని అమ్మతో అన్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

హాలోవీన్ పండగ అయిపోయాక వీధిలోవాళ్ళు గుమ్మాల ముందు అలంకారానికి పెట్టుకున్న గడ్డిమోపులను చెత్తబండి కోసం బయట పడేశారు. వాటిని చూడగానే మా ఊళ్ళో ధాన్యం పోసే పురి గుర్తొచ్చింది. గడ్డిని లావుగా తాడులా పేని, ఆ వెంటిని చుట్టుకుంటూ పోతే మనిషెత్తు గాదె లేస్తుంది. లోపలి గింజకు గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు. తాతయ్య పేనుతుంటే తాడుకు మెలి పడేలా కొంకికర్ర తిప్పే పని నాదే.

నాన్నతో చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది. ఆయన నవ్వి, "మీ తాత పురిని అమెరికా తెచ్చావుటే?" అన్నారు. తర్వాత చెట్టు వంక చూసి, "కట్టు. ఏప్రిల్‌లో పచ్చగా ఉంటే షెడ్డు మాట ఎత్తను" అన్నారు.

అది గోధుమగడ్డి. వరిగడ్డిలా వంగదు, పుటుక్కున విరుగుతుంది. నీళ్ళ పైపుతో బాగా తడిపి, మెత్తబడ్డాక పేనాను. కర్ర తిప్పడానికి నాన్నే వచ్చారు. అమ్మ పాత చీర చింపి కొమ్మలన్నిటినీ దగ్గరికి కట్టి, చుట్టూ వెంటి తిప్పాం. అక్కడే పుట్టి పెరిగిన మా బాబాయి కూతురు రేణు మెట్లమీద కూర్చుని చూస్తోంది.

"వసూ, ట్రీకి స్వెటర్ వేస్తున్నావా? సాక్స్ కూడా వెయ్యి."

"నీవి ఇవ్వు, వేస్తాను" అన్నాను. నాన్న నవ్వు ఆపుకోలేక కర్ర వదిలేశారు. వెంటి మెలి విడిపోతే మళ్ళీ పేనుకున్నాం.

అంతా అయ్యాక ఊళ్ళోలాగే పురి నెత్తిన మట్టి మెత్తాను. తప్పు అక్కడే జరిగింది. మా ఊళ్ళో మట్టి ఎండుతుంది, అక్కడ గడ్డకట్టింది. కట్టిన రెండోవారం గట్టి మంచు పడేసరికి పెచ్చులుగా ఊడి కింద పడింది. పైన పెద్ద కన్నం. ఆకాశం నల్లగా మూసుకొస్తోంది. వాన లోపలికి దిగితే నిరుటి కథే.

వంటింట్లోకి పరుగెత్తి, ఉన్నవాటిలో పెద్ద డేగిసా ఎత్తుకొచ్చాను.

"ఆదివారం ముప్పైమంది వస్తున్నారు, పులిహోర దేంట్లో కలపనే?" అంది అమ్మ వెనకాలే వస్తూ.

"బకెట్లో కలుపమ్మా."

అమ్మ తిడుతూనే స్టూలు పట్టుకుంది. డేగిసాను పురి నెత్తిన బోర్లించి కట్టేశాను. మొదటి చినుకు దానిమీద టంగుమంది.

చలికాలమంతా మంచులో అది తలపాగా చుట్టుకున్న మనిషిలా నిలబడింది. పక్కింటి ముసలాయన రిచీ మంచు ఎత్తిపోస్తూ పార ఆపి దానికేసి చూసేవాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం విప్పాం. పైచుట్లు నేనే తీశాను. గడ్డి లోపల పొడిగా ఉంది. కొమ్మ చివర గోటితో గీరితే కింద పచ్చ. పక్క కొమ్మా పచ్చే. ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక్కటీ చావలేదు. కొసల్లో మొగ్గలు జొన్నగింజల్లా ఉబ్బి ఉన్నాయి. నాన్న కూడా గీరి చూసుకున్నారు, ఒకటికి రెండుసార్లు.

కంచె అవతలనుంచి రిచీ, ఇది ఎవరు కట్టారని ఇంగ్లీషులో అడిగాడు. మేమిద్దరం కట్టామంటారనుకున్నాను.

"మై డాటర్" అన్నారు నాన్న, వీధి చివరదాకా వినపడేలా.

చెట్టు వెనక దాక్కుందామంటే ఇంకా ఆకులు రాలేదు. తల ఎత్తుకుని అక్కడే నిలబడ్డాను.