కోతపండుగ గుమ్మడికాయ

ఆ ఆదివారం చర్చిలో చాప మీద నేను ఒక్క క్షణం కుదురుగా కూర్చుంటే ఒట్టు. పాపం, మోకాళ్ళ నొప్పులని పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. నొప్పి మోకాళ్ళలో ఉంటేగా. అటు మగవాళ్ళ వైపు నా కొడుకు నిరంజన్. ఇటు నా పక్కనే, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన నా కూతురు హెప్సిబా. ఇద్దరి దగ్గరా నా డబ్బులే ఉన్నాయి. ఒకరికిచ్చినట్టు రెండోవాళ్ళకి తెలీదు.

మా దెందులూరు పక్క మిషను బడిలో ఏళ్ళ తరబడి చాక్‌పీసులు అరగదీసి, రిటైరయ్యాక వచ్చిన సొమ్ము ఏలూరు బ్యాంకులో వేసుకున్నాను. ఆ ఏడు ఎండాకాలంలో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశారు. నిరంజన్ లీజుకు చేస్తున్న చెరువూ అందులోనే పోయింది. కోతపండుగ వారంలో వచ్చి, అప్పిచ్చినవాడు అరుగు దిగడం లేదమ్మా అని అన్నం కంచం ముందు ఏడ్చాడు. సగం తీసి, ఉన్నదంతా ఇదేనని చేతిలో పెట్టాను. "చెల్లితో అనకు, అంతా కొడుక్కే పెట్టిందంటుంది" అన్నాను.

రెండు రోజులు తిరక్కుండా హెప్సిబా దిగింది. దాని కూతురు మానసకి ఇంజనీరింగు ఫీజు కట్టకపోతే పరీక్ష రాయనివ్వరట. మిగిలిన సగం, ఉన్నదంతా ఇదేనని దానికీ ఇచ్చాను. "అన్నయ్యతో అనకు, పెళ్ళి చేసి పంపిన పిల్లకి ఇంకా ఏంటంటాడు" అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మూసిపెట్టాను. అంతా నా తెలివే, ఎవర్నీ అనడానికి లేదు.

అసలు వాళ్ళకి మాటల్లేవు. చెరువు పోతే చెల్లెలు చెయ్యి అందించలేదని వాడికి కోపం. మేనకోడలి ఫీజుకి అన్న పైసా విదల్చలేదని దానికి కోపం. ఇద్దరూ నా దగ్గరకొచ్చి ఒకరి మీద ఒకరు చెప్పేవారు. నేను తల ఊపేదాన్ని.

ప్రసంగంలో అయ్యగారు, దాచింది ఏదీ బయటపడక మానదన్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గబుక్కున పైట సర్దుకున్నాను.

ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. కోతపండుగకి ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. వేలంలో వచ్చిన డబ్బు సంఘానికి. ఎవరింటి కాయ ఆ ఇంటివాళ్ళే పాడి పట్టుకెళ్ళడం మాలో మర్యాద. పరాయివాళ్ళ పాలయితే పిల్లలకి నామోషీ. మా ఆయన ఇస్సాకుగారు ఉన్నన్నాళ్ళూ ఆయనే పాడేవారు. ఈసారి మా వంటపాక మీద కాసిన గుమ్మడికాయ పెట్టాను.

సంఘపెద్ద హెన్రీ, నా దగ్గర అఆలు దిద్దినవాడే, కాయ పైకెత్తాడు. "మన సువార్తమ్మ టీచరుగారి కాయండీ. ఇరవై రూపాయలండీ."

"యాభై" అన్నాడు నిరంజన్. అక్కడితో అయిపోవాలి.

"వంద" అంది నా పక్కన హెప్సిబా.

నేను దాని మోచెయ్యి గిల్లాను. "నువ్వూరుకో అమ్మా. నీకు కంట్లో చుక్కలమందు కొనిపెట్టడు గానీ, నలుగుర్లో మాత్రం కొడుకు హోదా కావాలి" అని చెవిలో గొణిగింది.

అటునుంచి ఐదొందలు అన్నాడు. ఇటునుంచి వెయ్యి అంది. జనానికేం, నవ్వుతున్నారు. గూడెం అమ్మాయి తగ్గేలా లేదండోయ్ అని ఎవరో ఎగదోశారు కూడా. రెండు వేలు దాటింది, మూడు వేలు దాటింది. దాని బ్యాగులో ఉన్నది సోమవారం కాలేజీలో కట్టాల్సిన ఫీజు. వాడి జేబులో ఉన్నది అదే సోమవారం అప్పులవాడి మొహాన కొట్టాల్సిన డబ్బు. పులుసులో వేసుకునే కాయ కోసం ఆ పిల్ల చదువూ, వీడి పరువూ నా కళ్ళముందే పాడేసుకుంటున్నారు. లేచి చెబితే నా గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే ఇద్దరూ మునుగుతారు. లేవబోయి కూర్చున్నాను, మళ్ళీ లేవబోయాను.

"ఐదు వేలు" అన్నాడు నిరంజన్. హెప్సిబా నోరు తెరిచింది.

"ఆరు వేలు" అన్నాను నేను.

చర్చి మొత్తం నావైపు తిరిగింది. ఇంట్లోవాళ్ళు పాడటమే గానీ, ఇచ్చినావిడే తన కాయ తను పాడుకోవడం మా సంఘంలో ఎవరూ ఎరగరు.

హెన్రీ కాయ కిందకి దించాడు. "మీరాండీ టీచరుగారూ? మరి... డబ్బులండీ?"

నేను జవాబు చెప్పేలోపే పిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు. "అమ్మ దగ్గర ఎక్కడివండీ, ఉన్నదంతా నాకే ఇచ్చేసింది."

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అనేశాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ నా మొహం చూశారు. నాకు సిగ్గేసింది. ఇంతమంది పిల్లల్ని అబద్ధమాడితే గోడకుర్చీ వేయించినదాన్ని, చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

"మూడోసారి అనెయ్ హెన్రీ బాబూ" అన్నాను చివరికి. "నెలనెలా నా పింఛన్లో పట్టుకోండి. వీళ్ళిద్దరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకున్నా నేనూరుకోను."

హెన్రీ మూడోసారి అనేశాడు.

ఇంటికి ఆటోలో వెళ్ళాం. నా ఒళ్ళో గుమ్మడికాయ, చెరోపక్కా వాళ్ళు.

"వడ్డీ ఎంతన్నయ్యా?" అంది హెప్సిబా, బయటికి చూస్తూ.

"నూటికి మూడు" అన్నాడు వాడు. మళ్ళీ తనే, "మానసకి ఫీజు రేపేనా? బస్సులో అంత డబ్బుతో ఒక్కదానివీ వెళ్ళకు. నేను బండి మీద దింపుతాను" అన్నాడు.

"నువ్వు అప్పు కట్టాలిగా?"

"ముందు నీది కట్టేసి, అటునుంచటే పోతాను."

గట్లు కొట్టేసిన దగ్గర్నుంచీ నేను కోరుకున్నది ఇదే. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. నా తల మీదుగానే మాట్లాడుకుంటున్నారు గానీ, నావైపు మాత్రం ఇద్దరూ చూడటం లేదు.

"కాయ బాగా ముదిరింది, పులుసు పెడతాను, తిని వెళ్ళండి" అన్నాను.

"పొద్దున్న ఎన్నింటికి బయల్దేరదాం అన్నయ్యా?" అంది హెప్సిబా.