కోటి మీసం ఇంకా పచ్చిగానే ఉంది

పొద్దున్న లేవగానే ఉమామహేష్ చేసే మొదటి పని, గోడకానించిన బొమ్మని చిటికెనవేలితో ముట్టుకోవడం. రెండో పని, ఆ వేలిని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకోవడం. ఈలోగా వంటింట్లోంచి భార్య ఈశ్వరి అడుగుతుంది.

"ఆరిందేటి?"

"లేదు."

"అయితే కాఫీ తాగండి."

పన్నెండేళ్ళుగా ఇదే వరస. యూనివర్సిటీ ఆర్ట్ స్కూల్లో బంగారు పతకం కొట్టిన ఉమామహేష్ వేసిన రంగు ఇంతవరకూ ఒక్కటీ ఆరలేదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, ఈయన రంగు ఆరదు. గోపాలపట్నంలో దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. ఓసారి బట్టల కొట్టుకి బోర్డు రాస్తే, దాన్ని మోసుకెళ్ళిన సన్యాసిరాజు వీపు మీద "శ్రీ" తిరగబడి అచ్చుపడింది. ఆయన ఆ చొక్కాతోనే పెళ్ళికెళ్ళి అక్షింతలు వేసొచ్చాడు. బొమ్మలు లారీలో ఎగ్జిబిషన్‌కి పంపితే, చుట్టిన గోనెపట్టాలు మాత్రం చాలా అందంగా చేరాయి. అందుకే ఆయన ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సుద్దముక్కకి ఆ జబ్బు లేదు.

అదే బ్యాచ్‌లో ధనశ్రీ బొమ్మలు ముంబై గ్యాలరీల్లో వేలాడుతున్నాయి. రిచర్డ్ హైదరాబాదులో సినిమాలకి ఆర్ట్ డైరెక్టరు. రెండువేల నాలుగులో వాళ్ళ గురువు రమణమూర్తిగారి దగ్గర్నుంచి ఉత్తరమొచ్చింది. పేరు తెచ్చుకున్న పాత విద్యార్థుల ప్రదర్శన, ఆ బొమ్మలతో ఓ పుస్తకం. కింద పెన్నుతో, "నాయనా, ఆరింది ఒక్కటంటే ఒక్కటి పంపు. కిందటిసారి నా పంచె పోయింది."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని, పళ్ళు నూరుకుంటూ, ఉమామహేష్ యారాడ వెళ్ళాడు. నూకాలు ఏటా కబురుపెట్టే రోజది. నూకాలు మొగుడు కోటి తొంభై మూడులో చేపల వేటకెళ్ళి పడవతో సహా తిరిగి రాలేదు. ఫోటోకి దండ వెయ్యమని ఊరంతా అన్నా నూకాలు వెయ్యలేదు. పెళ్ళినాటి ఫోటో ఇచ్చి ఉమామహేష్‌తో బొమ్మ వేయించుకుంది. రంగు ఎలాగూ పచ్చిగానే ఉంటుంది గనక, ఏడాదికోసారి ఆయన్ని పిలిచి మొగుడికి ఒక ఏడాది వయసు కలిపిస్తుంది.

"ఈ ఏడు మీసంలో రెండు తెల్లెంట్రుకలు ఎయ్యండి బాబూ. సెంపలు కూడా లోపలికి లాగీండి. అక్కడ తిండెవుడెడతాడు?"

బొమ్మలో ఎడమ కనుబొమ్మ మీద ఓ గాటుంది. అది ఆరో ఏట పడింది. నూకాలు పులుసుకి పోపు పెడితే ఉమామహేష్ తుమ్మాడు, కుంచె జారింది. తుడవబోతే ఆపేసింది. "ఉండనీండి. సముద్రం మీదకెల్లినోడికి దెబ్బలు తగలవేటి?"

"నా తోటివాళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోయారు నూకాలూ," అన్నాడు ఇవాళ, కుంచె విసురుగా కలుపుతూ. "నా బొమ్మ ఒక్కటీ పూర్తి కాదు."

"మా వోడూ ఎక్కడికో ఎల్పోనాడు కదేటి? కూకుని సెంపలు లాగండి."

లాగాడు.

మూడో రోజు, పరాయి దేశం జైల్లోంచి వదిలేసిన వేటగాళ్ళని హార్బరుకి తెచ్చారు. నూకాలు కబురు పంపితే ఉమామహేష్ సుద్ద చేతులతోనే పరిగెత్తాడు. ఆఫీసరు పెళ్ళి ఫోటో చూశాడు. ఎదురుగా ఎముకల గూడులా ఉన్న మనిషిని చూశాడు.

"కాయితాల్లో పేరు వేరే ఉంది. ఈ ఫోటోలో కుర్రాడు, ఈయన ఒకరంటే ఎలా నమ్మను? రుజువు లేకపోతే కుదరదు. మళ్ళీ వ్యాన్ ఎక్కించండి."

"ఉండండి బాబూ!" అంటూ నూకాలు జనంలోకి దూరి, చేపల తట్ట మోసినట్టు నెత్తిన బొమ్మ మోసుకొచ్చింది.

ఆఫీసరు పోల్చి చూశాడు. మీసంలో రెండు తెల్ల వెంట్రుకలు. పీక్కుపోయిన చెంపలు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. "అరే," అంటూ గాటు మీద బొటనవేలు ఆనించాడు.

"రంగండీ!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

వేలికి ఏమీ అంటలేదు.

ఉమామహేష్ ఆఫీసరుని పక్కకి నెట్టి చిటికెనవేలితో ముట్టుకున్నాడు. మీసం ఆరింది. చెంప ఆరింది. మొన్న వేసిన తెల్ల వెంట్రుకలూ ఆరాయి. ఆఫీసరు సంతకం పెట్టేశాడు.

నూకాలు ఏడుస్తూ, నవ్వుతూ తుమ్ము సంగతి చెప్పింది. కోటి నుదురు తడుముకుని ఉమామహేష్ వైపు తిరిగాడు. "తొంభై తొమ్మిదిలో జైలు గుమ్మం కొట్టుకుని పడిపోనాను బాబూ. అది మీ తుమ్మేటి? జలుబు మందేసుకోలేకపోనారా?"

"మడిసొచ్చీసినాడు, ఇంక బొమ్మెందుకు? పట్టుకుపోండి బాబూ," అంది నూకాలు.

ప్రదర్శనకి ఉమామహేష్ తెల్లచొక్కా వేసుకుని, బొమ్మని చంకలో పెట్టుకుని వెళ్ళాడు. రమణమూర్తిగారు ముందు పంచె ఎగ్గట్టి, తర్వాత ముట్టుకుని, పుస్తకంలో పేరు రాసుకున్నారు.

"ఎలా ఆరించావు? ఏం కలిపావు?" అని ధనశ్రీ చెవిలో అడిగింది.

"ఏమీ కలపలేదు. ఆ మనిషి ఇంటికొచ్చాడు."

"ఓహో, అలాగా," అని ఆమె పక్క బొమ్మ దగ్గరికి నడిచింది.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర యారాడ పోతమ్మ, ఆమె వెనకాల ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఒక్కో చిన్న ఫోటో. పోతమ్మ తన ఫోటోని కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చింది.

"మా తమ్ముడు బాబూ. ఎల్లి నాలుగేళ్ళయింది. బొమ్మెయ్యండి."

ఉమామహేష్ తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఆడొచ్చేదాకా ఆరకుండా ఎయ్యండేం," అంది పోతమ్మ.