చుక్క పడని పళ్ళెం

నేను ఒక రేకు పళ్ళేన్ని. అంతకుముందు పామాయిల్ డబ్బాను. సెంటర్లో బజ్జీల బండి పెట్టే వీరలక్ష్మి దగ్గర ఖాళీ అయి, మూల పడి ఉన్నప్పుడు ఆమె కూతురు హైమ నన్ను ఎత్తి చూసి, "అమ్మా, ఇది నాకు కావాలి" అంది. హైమ ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు.

అవసరం సౌగంధిది. ఆ అమ్మాయి, హైమ అయిదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నారు. తర్వాత సౌగంధిని పట్నంలో హాస్టల్లో వేశారు. ఈసారి సెలవుల్లో తన పుట్టినరోజుకు అక్కడి స్నేహితురాళ్ళు వస్తున్నారని వాళ్ళ నాన్న చాక్లెట్ ఫౌంటెన్ కొనిచ్చారు, కరిగిన చాక్లెట్ పైకి లాగి ధారగా కిందికి జార్చే మిషను. ముందురోజు ఇద్దరూ దాన్ని నడిపి చూశారట. చాక్లెట్ గట్టిగా ఉంటే చెంచాడు నూనె కలిపారట. చక్కగా జారింది కానీ, చుట్టూ చింది బల్ల మీది కొత్త దుప్పటి పాడైంది.

"కింద ఏదైనా పెట్టాలే" అందట సౌగంధి.

"నేను చేసి తెస్తాను" అందట హైమ. పెద్ద తరగతులకు వచ్చాక తన స్నేహితురాలికి ఇంకా తను అవసరమేనని ఆ పిల్లకు అనిపించిన మాట అది. నన్ను కోస్తూ వాళ్ళమ్మకు ఇదంతా మూడుసార్లు చెప్పింది.

సైకిల్ షాపు నుంచి కత్తెర తెచ్చి నన్ను నిలువునా చీల్చింది. అంచులు ఎవరి చేతికీ గీసుకోకుండా రెండు మడతలు లోపలికి మడిచి, పచ్చడిబండతో కొట్టింది. తన వేలు మాత్రం తెగింది. మూలలు కత్తిరించకుండా చీర కుచ్చిళ్ళలా మడిచింది, కారకుండా. చింతపండు, బూడిదతో నూనె వాసన పోయేదాకా తోమింది. నీళ్ళు నింపి పాత పేపరు మీద పెట్టి చూసింది. పేపరు తడవలేదు. మనుషులు దేవుడి ముందు కూడా అంత జాగ్రత్తగా కూర్చోరు.

"వాళ్ళతో ఫొటో దిగుతావా?" అని అడిగింది వీరలక్ష్మి, జడ వేస్తూ.

"పిలుస్తుందమ్మా. నేను పక్కనే ఉంటాను కదా."

సాయంత్రం సౌగంధి ఇంట్లో నన్ను బల్ల మీద పెట్టి, నా మధ్యలో ఫౌంటెన్ నిలబెట్టారు. చాక్లెట్ కరిగించి పోశారు. ముందురోజులాగే కొంచెం గట్టిగా ఉంది. సౌగంధి మేనత్త రాజ్యంగారు తొంగి చూసి, "ఇదేముందర్రా, పాయసం గట్టిపడితే ఏం చేస్తాం? కాసిన్ని వేడిపాలు పోస్తే సరి" అని గ్లాసుడు ఒంపేశారు.

నూనె పోయాలని హైమకు తెలుసు. "అత్తయ్యగారూ" అంది. నాకు వినబడింది. ఆవిడకు వినబడలేదు.

పాల తడికి చాక్లెట్ ఇసకలా విరిగి ముద్ద కట్టింది. మోటారు కాసేపు మూలిగి ఆగిపోయింది. ముంచుకోవడానికి పండ్ల ముక్కలు పుల్లలకు గుచ్చి పట్టుకున్న హాస్టల్ పిల్లలు నవ్వారు.

"సౌగీ, ఇది ఫౌంటెనా, పేడ ముద్దా?" అంది ఒకమ్మాయి. ఇంకో అమ్మాయి వంగి నన్ను చూసింది. "కింద ఈ డబ్బా రేకేంటే? ఎవరు తెచ్చారు?"

సౌగంధి మేనత్త వైపు చూసింది. తర్వాత హైమ వైపు చూసింది.

"సెంటర్లో బజ్జీలు వేస్తుంది చూడు, ఆవిడ కూతురు తెచ్చింది. తడి తుడవకుండా పెట్టినట్టుంది, అందుకే పాడైపోయింది" అంది సౌగంధి.

నేను కింద ఉన్నాను. చాక్లెట్ పైన ఉంది. నా మీద ఒక్క చుక్కయినా పడలేదు. ఈ చిన్న సంగతి అక్కడున్న ఎవరికీ తట్టలేదు. తట్టినా ఆ వేళకు అవసరం లేదు. తప్పు పెట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది కదా. హైమ ఫౌంటెన్ పక్కకు జరిపి, నన్ను తీసి, పొడిగా ఉన్న నన్నే వోణీతో తుడిచింది. ఫొటోకు అందరూ గుమిగూడుతుంటే వెనక గుమ్మం గుండా బయటికి వచ్చేసింది.

"ఎలా జరిగిందే?" అంది వీరలక్ష్మి.

"బాగా జరిగిందమ్మా. పళ్ళెం చాలా బాగుందన్నారు."

ఆమె మురిసిపోయి, బండి దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ ఆ మాట చెప్పుకుంది. హైమ పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

సెలవులయ్యాక ఒక ఉదయం కారు వచ్చి వాళ్ళ వాకిట్లో ఆగింది. హైమ చేతిలో పని వదిలేసి, జుట్టు సర్దుకుంటూ పరుగెత్తింది. డ్రైవరు దిగి రంగు కాగితం చుట్టిన పొట్లం ఇచ్చాడు. "పుట్టినరోజు గిఫ్టులు మిగిలినాయంటమ్మా. నీకిచ్చెయ్యమన్నారు."

వెనక సీట్లో సౌగంధి ఉంది. అద్దం వేసి ఉంది. ఆ అద్దం దించుతుందేమోనని హైమ నిలబడింది. కారు మలుపు తిరిగాక కూడా నిలబడే ఉంది.

ఆ పొట్లం నాలో పెట్టి, నన్ను అటక మీదికి తోసేసింది. అప్పుడప్పుడు వీరలక్ష్మి అడుగుతుంది, "అంత స్నేహంగా పంపితే విప్పి చూడవేమే?" అని.

"చూస్తాలే అమ్మా" అంటుంది హైమ, తల ఎత్తకుండా.