రాని పొగకు గిరాకీ

రొట్టెలాయనకు కొత్త బట్టీ ఊరికే వచ్చింది. కట్టించింది ఒక కంపెనీ. ఇందులో సగం కట్టెలకే రొట్టెలు కాలుతాయి. మిగతా సగం కట్టెల పొగ రాదు. ఆ రాని పొగను దూరదేశంలో విమానాలు నడిపేవాళ్లు కొనుక్కుంటారు. దాన్నే కార్బన్ క్రెడిట్ అంటారని కంపెనీ మనిషి విడమరిచి చెప్పాడు.

"రాని పొగని ఎలా కొంటారండీ?"

"రాలేదని కాగితం ఉంటే చాలు."

"కొని ఏం చేసుకుంటారు?"

"వాళ్లు వదిలే పొగకి అది చెల్లు."

రొట్టెలాయన ఇంకేం అడగలేదు. ముప్పై ఏళ్లుగా దగ్గుతున్న భార్య కొత్త బట్టీ వచ్చిన మూడు నెలల్లో దగ్గు మానేసి, మిగిలిన ఊపిరితో ఆయన్ని తిడుతోంది. ఆయనకు అది చాలు.

ఒక్కటే షరతు. పాత బట్టీ పగలగొట్టాలి. లేకపోతే కొత్తది విప్పుకుపోతారు.

పాతది ఆయన నాన్న కట్టింది. మూడుసార్లు సుత్తి పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. మూడుసార్లూ సుత్తి పిడి వదులైందని చెప్పి బయటికొచ్చాడు. చివరికి మంట పెట్టడం మాత్రం మానేసి, అందులో పిండి ముద్దలు పొంగబెట్టడం మొదలుపెట్టాడు. కొత్త బట్టీని దాని వీపుకు ఆనించి కట్టారు. గోడలోంచి వెచ్చదనం వస్తుంది. పిండి అక్కడ పొంగినట్టు ఇంకెక్కడా పొంగదు.

పాతది పగలగొట్టారో లేదో చూసే తనిఖీ రోజున పాత బట్టీ ముందు పిండి బస్తాలు పేర్చి దాన్ని కప్పేశాడు. లోపల ముద్దలు ఉన్నాయన్న సంగతి కంగారులో మరిచిపోయాడు. తనిఖీ చేసే ఆయన రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు.

"రెండు విమానాలు మారాల్సొచ్చిందండీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఆ పొగ ఎవరి లెక్కలో పడుతుంది బాబూ?" అంది రొట్టెలాయన భార్య.

ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. "మీ బట్టీలో రెండేళ్లపాటు రాని పొగ దానికి సరిపోతుందేమోనమ్మా."

అప్పుడే బస్తాల పైనుంచి తెల్లగా ఏదో తొంగిచూసింది. చూస్తుండగానే ఇంకాస్త పైకొచ్చి బస్తా మీద వాలింది.

"అదేంటి?"

"పిండి," అన్నాడు రొట్టెలాయన.

"ఎక్కడినుంచి వస్తోంది?"

రొట్టెలాయన తనూ ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. "వెనకనుంచి."

బస్తాలు జరిపించి తనిఖీ ఆయన లోపల చెయ్యి పెట్టాడు. "వెచ్చగా ఉంది. మంట పెడుతున్నారు."

"మంట పెడితే పిండి ఉంటుందా సార్. రొట్టె అయిపోదూ?"

తనిఖీ ఆయన చేతికంటుకున్న పిండిని చూసుకున్నాడు. మాట నిజమే. "కానీ నా ఫారంలో రెండే గళ్లు. 'ఉంది', 'పగలగొట్టారు'. ఉందని పెడితే కొత్తది తీసుకుపోతారు."

రొట్టెలాయన భార్య వైపు చూడలేక నేల చూశాడు. మూలనున్న సుత్తి కోసం కదిలాడు. ఈసారి పిడి మాట ఎత్తలేదు.

"ఆగండి," అంది ఆమె. "బట్టీ అంటే ఏంటో మీ పుస్తకంలో రాసుంటుంది కదా బాబూ. చదవండి."

ఆయన చాలాసేపు వెతికాడు. "మంట పెట్టే చోటు, పొగ పోయే దారి, రెండూ ఉన్నది."

"దారి మూసేస్తే?"

"ఇటుకలతో, మళ్లీ తెరవకుండా మూస్తే... అప్పుడది బట్టీ కాదు. ఫొటో కావాలి."

"విన్నారా? మీ నాన్న కట్టినదాన్ని కొట్టమనట్లేదు. ముక్కు మూయమంటున్నారు."

రొట్టెలాయన మట్టి కలిపి బల్ల ఎక్కాడు. పొగగొట్టంలోంచి అరచేతి వెడల్పున ఆకాశం కనపడింది. కాసేపు చూశాడు. ఆమె కింద నిలబడి ఇటుకలు అందించింది, ఒక్క మాట తిట్టకుండా. ఆఖరి ఇటుక ఆయనే అడిగి తీసుకున్నాడు.

తనిఖీ ఆయన ఫొటో తీసి 'పగలగొట్టారు' గడిలో టిక్కు పెట్టాడు. "ఇప్పుడిది ఏంటని రాయమంటారు? అలమరా?"

"నాన్న కట్టింది సార్," అన్నాడు రొట్టెలాయన బల్ల మీదనుంచే. "పెద్ద అలమర అని రాయండి."

"పెద్ద అని రాయడానికి గడి లేదండీ."

"పక్కన జాగా ఉందిగా బాబూ," అంది ఆమె.

రాశాడు. రొట్టెలాయన దాన్ని పైకి చదివించుకుని విని, అప్పుడు బల్ల దిగాడు.