తపస్సు మాను

ఇదేం మాను తల్లీ, కింద నిలబడి చూస్తే ఇంత పొడుగు లేదే, అనుకుంటూ గంగాధరం సగంలో ఆగిపోయాడు, తల ఎత్తితే ఎండ కళ్ళలో పొడుస్తోంది, నిలువునా పాతిన మానుకి మెట్లు కొట్టారు, మెట్టుకో పద్యం పాడి ఎక్కాలి, పాడకుండా కాలు పైకి పెట్టకూడదు, అర్జునుడి తపస్సంటే అదీ, భారతం ఉత్సవానికి పాకాల చుట్టుపక్కల జనమంతా వచ్చి కింద నిలబడి ఉంటే, గొంతులో తర్వాతి పద్యం లేదు, మొదటి మాటైనా లేదు, రాత్రి నాటకాల్లో ఎన్నిసార్లు మరిచిపోలేదు, తెర వెనకనుంచి పెంచలయ్య మెల్లగా అందిస్తే అందుకోవడమే, చప్పట్లు మాత్రం తనకే, ఆ ముసలాయనే మోకాళ్ళు పోయి ఈ వేషం తనకిచ్చేటప్పుడు చిలక్కి చెప్పినట్టు చెప్పినాడు, ఆడ ఎనక తెరుండదు, ఎవురూ అందియ్యరప్పా, అన్నీ నోటికి పట్టాల నువ్వు, అట్లే మామా, రేపట్నించి సూడు, అన్నాడు తను, ఆ రేపు మామిడికాయల మండీలో పోయింది, ఇంకో రేపు నడుం నొప్పితో పోయింది, దేవకమ్మ అననే అంది, పెళ్ళాం మాట గదా, ఎవరు వింటారు, కిరీటం మాత్రం దినామూ పెట్టుకోని అద్దంలో సూసుకుంటాండావే, పద్యం ఎప్పుడయ్యా నేర్సేది.

కింద తడిచీరలతో ఆడవాళ్ళు, బిడ్డల కోసం మొక్కుకుని సాగిలపడి ఉన్నారు, అదుగో తమ వీధి కుప్పమ్మ, పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట, నేల కాలిపోతున్నా కదలదు, పైనుంచి తను విసిరే నిమ్మకాయ కోసం కొంగు పరిచి ఉంది, మాను మొదలు దగ్గర పెంచలయ్య నోరు కదులుతోంది, అయ్యో, అందిస్తున్నాడు, మద్దెల హోరులో ఒక్క ముక్కా పైకి రావడం లేదు.

కాళ్ళు పీకుతున్నాయి, దిగిపోతే తల ఎక్కడ పెట్టుకోను, పాడిందే మళ్ళీ పాడి ఎక్కేస్తే ఎవరు కనిపెడతారు, కుప్పమ్మ కనిపెట్టదు, కనిపెట్టదు గనకే సిగ్గేస్తోంది, మీసం రాకముందు నుంచీ ఈ ఆశే గదా, ఈ మాను కొసన తనను తాను ఎన్నిసార్లు చూసుకోలేదు, తల మీద కిరీటం, కింద జనం, పూలు చల్లే తన చెయ్యి, అన్నీ కనిపించేవి, ఇప్పుడు వెతికి చూసుకుంటే, ఆ కలలో ఒక్కసారైనా తను తపస్సు చేస్తున్నట్టు లేదు.